ట్రాన్స్‌ఫార్మర్‌కు తాకట్టుగా ఏఈ గారు

కరెంటు శాఖలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "ఈ ఉద్యోగంలో ముందుగా నేర్చుకోవలసింది ఏమిటండీ?" అని అడుగుతారు. వోల్టేజి గురించో, ప్రమోషన్ పరీక్షల గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం, "మిమ్మల్ని గదిలో పెట్టి గడియ వేసిన రోజున, మీకోసం బయట తిరిగే మనుషులు ఉండాలి. ముందు అది చూసుకోండి" అంటాను. వాళ్ళు కాఫీ తాగేసి లేచిపోతారు. మళ్ళీ రారు. అందుకే రాసి పెడుతున్నాను. రాతలో ఇదొక సుఖం, ఎవరికీ కాఫీ ఇవ్వనక్కర్లేదు.

మా వంశం

ముందు నా గురించి చెప్పాలి. మా పూర్వీకులు ఒకప్పుడు ఈ మెట్ట ప్రాంతంలో కొన్ని ఊళ్ళకు పెద్దదిక్కు. ఓడలు బళ్ళయ్యాయి. నా కాలం వచ్చేసరికి ఊళ్ళు పోయాయి, మేడ పోయింది, మేడమెట్ల రాళ్ళు కూడా ఎవరో పట్టుకుపోయి గొడ్లచావిట్లో పరుచుకున్నారు. మాకు మిగిలింది ఒక వెండి గ్లాసు, ఒక నిటారైన వెన్నెముక. గ్లాసును టిఫిన్ కారియర్‌తో పాటు ఆఫీసుకు తీసుకువెళ్ళేవాణ్ణి. వెన్నెముక ఎలాగూ వెంటే ఉండేది. మా నాన్నగారు బస్సులో సీటు దొరికినా వెనక్కి ఆనుకునేవారు కారు. ఆనుకుంటే ఒకరి మీద ఆధారపడినట్టట. నాకూ అదే అబ్బింది. ఇది రాస్తున్నప్పుడు కూడా కుర్చీ వీపుకూ నా వీపుకూ మధ్య ఒక దిండు పట్టేంత జాగా ఉంది.

ఇలాంటివాణ్ణి తీసుకెళ్ళి దర్శి అవతల ఒక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా, అంటే అందరూ అనే మాటలో ఏఈగా వేశారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఊరి పేరు రాయను. అక్కడ నాకు ఇప్పటికీ కాస్త మర్యాద ఉంది, దాన్ని చేతులారా చెడగొట్టుకోలేను. సిబ్బంది నా ఎదుట 'సార్' అనేవారు. నేను లేనప్పుడు 'జమీందారు గారు' అనేవారు. వాళ్ళు వెక్కిరిస్తున్నారని తెలుసు. అయినా ఆ రెండింటిలో రెండోదే నాకు ఎక్కువ నచ్చింది.

వియ్యంకులు

సెక్షన్‌లో నాకు కుడి ఎడమ భుజాల్లాంటి మనుషులు ఇద్దరు: లైన్ ఇన్‌స్పెక్టర్ మస్తాన్‌రావు, లైన్‌మన్ ఏడుకొండలు. ఇన్‌స్పెక్టర్ చెబితే లైన్‌మన్ వినాలి. అది శాఖ రూలు. అయితే నేను అక్కడికి వెళ్ళేనాటికి మస్తాన్‌రావు కూతుర్ని ఏడుకొండలు కొడుక్కిచ్చి పెళ్ళి చేసి ఉన్నారు. మగపెళ్ళివారు చెబితే ఆడపెళ్ళివారు వినాలి. అది లోకం రూలు. ఈ రెండు రూళ్ళూ ఒకే ఆఫీసులో ఎదురుపడితే ఏం చెయ్యాలో ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చెప్పరు.

తగాదా గారెల దగ్గర మొదలైంది. పెళ్ళిలో మగపెళ్ళివారి బంతి కూర్చునేసరికి గారెలు అయిపోయాయి. అయిపోలేదు, దాచారు అంటాడు ఏడుకొండలు. దాచలేదు, మగపెళ్ళివాళ్ళే ముందు బంతిలో దూరి తినేసి, మళ్ళీ మూతి తుడుచుకుని రెండో బంతిలో కూర్చున్నారు అంటాడు మస్తాన్‌రావు. ఆ పిల్లా పిల్లవాడూ హాయిగా కాపురం చేసుకుంటున్నారు. వీళ్ళిద్దరికీ మాత్రం మాటల్లేవు. పనిదినాల్లో మస్తాన్‌రావు వియ్యంకుణ్ణి ఎక్కడో పొలిమేరలో ఉన్న స్తంభానికి పంపి కసి తీర్చుకునేవాడు. పండగనాడు ఏడుకొండలు వియ్యంకుడింటికి వెళ్ళి, కాఫీ చల్లారిందని వెనక్కి పంపి బాకీ చెల్లించేవాడు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ లైను మీద పని అలాంటిది కాదు. పైకి ఎక్కినవాడి ప్రాణం కింద ఉన్నవాడి నోట్లో ఉంటుంది. కిందివాడు స్విచ్ దించి "ఆపాను, ఎక్కు" అంటేనే పైవాడు ఎక్కాలి. పైవాడు నేల మీద కాలు పెట్టి "దిగాను" అంటేనే కిందివాడు స్విచ్ వెయ్యాలి. మా సెక్షన్‌లో ఈ రెండు మాటలూ నా మీదుగా ప్రయాణం చేసేవి.

"సార్, లైను ఆపానని బావగారికి చెప్పండి" అనేవాడు మస్తాన్‌రావు. బావగారు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండేవాడు.

"ఏడుకొండలూ, లైను ఆపారట."

"నిజంగా ఆపారా, గారెల సంగతిలాగా ఊరికే మాటేనా, అడగండి సార్."

"మస్తాన్‌రావు గారూ, నిజంగానే ఆపారా?"

"ఆయన నా కూతురికి మామగారండీ. ఆయనకేదన్నా అయితే ఏడాది పొడుగునా మా పెద్దపిల్లా అల్లుడూ శుభకార్యాలకి రాకూడదు. మా రెండో పిల్లకి సంబంధాలు చూస్తున్నాం. నిజంగానే ఆపానని చెప్పండి."

మా తాతగారి హయాంలో ఆయన మాట ఊరికి చాటడానికి దండోరా వేసే మనిషి ఉండేవాడట. మనవణ్ణి నేను స్వయంగా దండోరా అయ్యాను.

గడియ

అది మిరప కోతల కాలం. మొదటి కోత కాయ కల్లాల్లో ఎండుతోంది, తర్వాతి కోతకు చెట్ల మీద పిందె నిలబడి ఉంది. ఆ సమయంలో ఊరికి తూర్పున, బావుల చెలకలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

ఎందుకు కాలిందో ఊరంతటికీ తెలుసు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజులు. ప్రతి రైతూ మోటారుకు ఆటో స్టార్టర్ అనే పెట్టె బిగించుకున్నాడు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది, మనిషి చేలోకి పోనక్కర్లేదు. ఒక్కడు పెట్టుకుంటే అది తెలివి. అందరూ పెట్టుకున్నారు. కరెంటు వచ్చిన క్షణాన మోటార్లన్నీ ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడ్డాయి. విందులో ఆకు వెయ్యగానే బంతి మొత్తం ఒకే గిన్నె మీద పడినట్టు. (ఈ పోలిక మా సెక్షన్‌లో పైకి అనేవాణ్ణి కాదు.)

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కోసం పైకి రాశాను. మీ వంతు వచ్చినప్పుడు ఇస్తామన్నారు. మిరపచెట్టుకు వంతుల సంగతి తెలియదు.

ఇలాంటప్పుడు ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. రైతులు గుంపుగా వచ్చి కరెంటు సిబ్బందిని సబ్‌స్టేషన్ గదిలో పెట్టి బయట గడియ వేసేవారు. ఇందులో ద్వేషం ఏమీ లేదు. కలుపు తీసినట్టు, ఎరువు చల్లినట్టు, అదొక పని. ఆ రోజు పొద్దున ఆ పని నాయకత్వం వహించి చేసినవాడు పిచ్చయ్య. కౌలు రైతు. సన్నగా, పొడుగ్గా, తలపాగాతో ఉంటాడు. గడియ వేసి కిటికీ దగ్గరకొచ్చాడు.

"ఏఈ గారూ, మీ మీద మాకేం కోపం లేదండీ. కాస్సేపు లోపల కూర్చోండి."

"ఇది చట్టవిరుద్ధం" అన్నాను నిటారుగా నిలబడి.

"అవునండీ. ఫ్యాను వేసుకున్నారా?"

"పిచ్చయ్య గారూ, మా తాతగారు ఈ ఊరికి వస్తే మేళతాళాలతో ఎదురొచ్చేవారని విన్నాను."

"మేళం దొరకదండీ ఇప్పుడు. పెళ్ళిళ్ళ సీజను."

లోపల మేం ముగ్గురం ఉన్నాం: నేను, నాకు కుడిపక్క మస్తాన్‌రావు, ఎడమపక్క ఏడుకొండలు. నేను కిటికీలోంచి స్పష్టంగా అడిగాను, "మీకేం కావాలి?"

"ట్రాన్స్‌ఫారం. అది వస్తేగానీ గడియ తియ్యం."

"స్టోరుకు వెళ్ళి దాన్ని తేవలసింది మేమే. గడియ తీస్తేగానీ అది రాదు."

జనం ఆలోచనలో పడ్డారు. వెనకనుంచి ఎవరో, "ఒరేయ్, కిందటేడు కూడా ఇక్కడే ఆగిపోయాం కదరా?" అన్నాడు.

"అప్పుడేం చేశాంరా?"

"పొద్దుగూకితే గడియ తీసి ఇళ్ళకి పోయాం."

అందరూ నవ్వారు. పిచ్చయ్య నవ్వలేదు. కిటికీ ఊచలు పట్టుకుని, నాకొక్కడికే వినిపించేట్టు అన్నాడు. "కిందటేడు నాకు చేలో పత్తి ఉందండీ. ఆగింది. ఈసారి మిరప. సొంతం కాదు, కౌలు చేను. ఇవాళ తడి పడకపోతే రేపు పొద్దుటికి పిందె రాలిద్ది. రాలిన పిందె మళ్ళీ అతుక్కోదు గదండీ."



ఎవరిని ఉంచుకోవాలి

చివరికి గుంపులో ఒక పెద్దాయన దారి చూపించాడు. "ఒకళ్ళని తాకట్టు ఉంచుకుని మిగతావాళ్ళని పంపుదాంరా. ట్రాన్స్‌ఫారం తెచ్చి విడిపించుకుపోతారు."

న్యాయంగానే తోచింది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. "నన్ను ఉంచుకోండి. ఇక్కడ అధికారిని నేను."

వాళ్ళు సంతోషిస్తారనుకున్నాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పిచ్చయ్య తలపాగా సర్దుకున్నాడు.

"మీరేమీ అనుకోకండి ఏఈ గారూ. తాకట్టంటే, అవతలివాడు విడిపించుకుపోవాలనుకునే వస్తువయ్యుండాలండీ."

"అంటే ఏమిటి మీ అభిప్రాయం?"

"అంటే... మీకోసం వీళ్ళు తిరిగొస్తారా అని."

గుంపంతా నా సిబ్బంది వైపు చూసింది. మస్తాన్‌రావు ఫ్యాను ఎలా తిరుగుతోందో పరీక్షిస్తున్నాడు. ఏడుకొండలు తన కటింగ్ ప్లయర్ మీద మురికి ఏదో గోకుతున్నాడు. నేను వాళ్ళను కసురుకున్నదీ లేదు, కలుపుకున్నదీ లేదు. వాళ్ళ టీ తాగలేదు, నా గ్లాసు వాళ్ళకివ్వలేదు. హుందాతనం అంటే అదేనని నా లెక్క. ఆ క్షణాన ఆ లెక్క గుంపు ఎదుట తేలిపోయింది.

"లైన్‌మన్‌ని ఉంచుకుందాంరా" అన్నాడు ఒకడు. "ఏడుకొండలు లేకపోతే వీళ్ళకి ఒక్క పని కూడా జరగదు. పరుగెత్తుకొస్తారు."

మస్తాన్‌రావు ఫ్యాను మీదనుంచి చూపు దించాడు. "సార్, బావగారిని ఉంచుకుంటే నేను తిరిగొస్తానని హామీ లేదని చెప్పండి."

"సార్, బావగారిని ఉంచుకున్నా నా సంగతీ అంతేనని చెప్పండి" అన్నాడు ఏడుకొండలు.

ఈ విధంగా, వంశప్రతిష్ఠ వల్ల కాదు, ఎవరికీ అక్కర్లేక మిగిలిన వస్తువుగా నేను తాకట్టుకు ఎంపికయ్యాను. రైతుల ట్రాక్టరు సిద్ధమైంది. వియ్యంకులిద్దరూ దాని వెనక ట్రక్కులో ఒకడు తూర్పుకు, ఒకడు పడమరకు తిరిగి కూర్చున్నారు. బయలుదేరేముందు మస్తాన్‌రావు, "సార్, గ్లాసు జాగ్రత్త" అన్నాడు. నా సంగతి ఏమీ అనలేదు.

కల్లంలో

నన్ను గదిలో కాపలా కాసేందుకు పిచ్చయ్యకు మనిషి లేడు. కల్లంలో కాయ తిరగెయ్యాలి. అందుకని నన్ను కల్లానికే తీసుకువెళ్ళి, నులకమంచం వేసి, వాళ్ళమ్మ రత్తమ్మకు అప్పగించాడు. "అమ్మా, ఈయన తాకట్టు. పోనియ్యబాక."

రత్తమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏం నాయనా, నడుం పట్టేసిందా? అట్టా కూర్చున్నావు?"

"నా కూర్చునే పద్ధతే అంతండీ."

"అయ్యో, మందేసుకోలేకపోయావా?"

ఎర్రటి మిరపకాయలు కల్లం నిండా దుప్పటి పరిచినట్టు ఉన్నాయి. గాలి తిరిగినప్పుడల్లా ఘాటు లేస్తోంది. తుమ్ము వచ్చింది. మా ఇంట్లో నలుగురి ఎదుట తుమ్మడం నామోషీ. ఆపాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆపాను. చెవుల్లోంచి గాలి పోయినట్టయింది.

"తుమ్మెయ్ నాయనా" అంది రత్తమ్మ. "ఆపితే కళ్ళు ఊడొచ్చి కాయల్లో పడతయ్. మళ్ళీ నేను ఏరుకోవాల."

తుమ్మాను. తరతరాలుగా మా వాళ్ళు ఆపుకున్నవన్నీ కలిపి తుమ్మాను. పక్క కల్లంలో కాకులు లేచిపోయాయి.

కాసేపటికి రత్తమ్మ నా ముందు ఒక బుట్ట పెట్టింది. "ఎద్దును తాకట్టు పెట్టుకుంటే దున్నించుకుంటాం గదా. ఊరికే కూర్చుంటే నీకు మాత్రం ఏం తోచిద్ది? ఈ తాలుకాయలు ఏరు." రంగు లేని, తెల్లబోయిన కాయల్ని తాలు అంటారు. అవి కలిస్తే సరుకు విలువ పోతుంది. మంచం మీదనుంచి అవి అందవు. కింద కూర్చున్నాను. కింద కూర్చుంటే నిటారుగా ఏరడం కుదరదు. చివరికి ఎలా కూర్చున్నానో రాయను.

నేను వచ్చానని తెలిసి జనం వచ్చి పోతున్నారు. సెక్షన్ వాళ్ళు తిరిగొస్తారా, రారా అని టీ పందేలు మొదలయ్యాయి. రారు అనేవాళ్ళే ఎక్కువమంది. నా ఎదుటే పందెం కాశారు, మొహమాటం లేకుండా.

"మీరేమంటారండీ?" అని రత్తమ్మనడిగాను. "వస్తారా?"

"ఖాయంగా వచ్చిద్ది నాయనా."

ఛాతీ పొంగింది. "మీకెలా తెలుసు?"

"ట్రాక్టరు మాది గదా. అది వచ్చిద్ది. మీ వాళ్ళ సంగతి నాకేం తెలుసు?"

చేతులు మండుతున్నాయి. పొరపాటున కళ్ళు తుడుచుకున్నాను. ఇక చెప్పేదేముంది. "కాసిని నీళ్ళివ్వండి, కళ్ళు కడుక్కుంటాను" అన్నాను.

"నీళ్ళెక్కడియ్యి? మీరిస్తేగా" అంది.

మజ్జిగ చెంబు ఇచ్చింది. తాగేశాను. వెండి గ్లాసు మంచం కింద కారియర్ పక్కన ఉందన్న సంగతి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

ఎండ తగ్గాక పిచ్చయ్య నన్ను చేలోకి తీసుకువెళ్ళాడు. చెట్ల ఆకులు ముడుచుకుని ఉన్నాయి. ఒక కొమ్మను వేలితో మెల్లగా తట్టాడు. రెండు పిందెలు రాలి పడ్డాయి. వాటిని ఏరి జేబులో వేసుకున్నాడు. ఎందుకో తెలియదు. అవి దేనికీ పనికిరావు. నేను ఆఫీసులో రోజూ 'వ్యవసాయ వినియోగదారుడు' అని రాసే మాటకు జేబు ఉంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

స్టోరు గేటు ముందు

పొద్దు వాలుతుండగా, నేను మళ్ళీ కల్లంలో బుట్ట ముందు కూర్చున్నాక, ట్రాక్టరు కంటే ముందు అరుపులు వినిపించాయి.

"మీ వాళ్ళే తిన్నారు బావగారూ! మీ పెద్ద తమ్ముడి చొక్కా మీద నూనె మరక నేను చూడలా?"

"అది బండి నూనె బావగారూ! మోటారు సైకిలు మీదొచ్చాడు వాడు!"

"బండి నూనెకి అల్లం వాసనొచ్చిద్దా?"

వాళ్ళు నేరుగా తిట్టుకుంటున్నారు. నా ప్రమేయం లేకుండా. అంతకంటే కమ్మని సంగీతం నేను వినలేదు. వాళ్ళ మధ్య ట్రక్కులో, పెళ్ళికూతురిలా, కొత్త ట్రాన్స్‌ఫార్మర్.

జరిగిన సంగతి ఇద్దరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పారు. స్టోరులో ఉన్న ఆఫీసరు వీళ్ళ మొర విని, "ఎవరూ, ఆ వంగని మనిషా? ఉంచుకోమనండి. నాలుగు రోజులు సెక్షన్‌కి విశ్రాంతి" అని నవ్వాడట.

"నాకు ఒళ్ళు మండిందండీ" అన్నాడు ఏడుకొండలు. "మిమ్మల్ని మేం అనుకుంటాం. రోజూ అనుకుంటాం. పొద్దున టీ దగ్గర మొదలెడితే..."

"సరే, సరే" అన్నాను.

"మేం అనుకోవడం వేరండీ. ఆయనెవరు అనడానికి? పోయి గేటుకడ్డంగా కూర్చున్నా."

"బావగారు కూర్చుంటే నేను నిలబడి ఉంటే ఏం బాగుంటదండీ" అన్నాడు మస్తాన్‌రావు. "పక్కన కూర్చున్నా. ఎండ మాడిపోతోంది. ఉన్నది ఒక్క తువ్వాలు. ఇద్దరం నెత్తిన వేసుకున్నాం. ఆఫీసరు గారి జీపు భోజనానికి పోవాల. లేవండయ్యా అన్నాడు. ముందు బావగారు లేస్తే లేస్తానన్నా."

"ముందు బావగారు లేస్తే నేనూ లేస్తానన్నా" అన్నాడు ఏడుకొండలు.

"మగపెళ్ళివారు ముందు లేవాలండీ, మర్యాద!"

"ఇన్‌స్పెక్టరు ముందు లేవాలండీ, డ్యూటీ!"

ఇది ఎత్తుగడ కాదు. ఇద్దరికీ నిజంగానే ముందు లేవడం నామోషీ. ఆఫీసరు గారికి కడుపులో ఎలకలు పరిగెత్తాయి. చివరికి సంతకం పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించి, "ఇద్దరూ ఒక్కసారే లేచి అఘోరించండి" అన్నాడట.

కుర్రవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. సమైక్యత మీద మా శాఖ ఎన్నో ఉపన్యాసాలు ఇప్పించింది. అన్నింటికీ వెళ్ళాను, నిటారుగా కూర్చుని విన్నాను. నేను చూసినంతలో మనుషుల్ని కలిపేది మంచిమాటలు కాదు. ఒకే ఎండ, ఒకే తువ్వాలు, ఒకే మనిషి మీద కోపం. మంచి లక్షణాలతోనే జట్టు కట్టాలంటే ఈ దేశంలో ఒక్క ట్రాన్స్‌ఫార్మరూ లేవదు. ఉన్న మొండితనాన్నే సరైన గేటు ముందు కూర్చోబెట్టాలి.

"ఇంకోటి కూడా చెప్పామండీ" అన్నాడు మస్తాన్‌రావు కాస్త తగ్గి. "మా సారు మిరపకాయల మధ్య కూర్చుని ఏడుస్తున్నారని."

"అంత అబద్ధం ఎందుకు చెప్పారు?" అన్నాను కోపంగా.

ఇద్దరూ నా మొహంలోకి చూశారు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి, ముక్కు కారుతోంది, ఒళ్ళో తాలుకాయల బుట్ట.

"అబద్ధమేనాండీ?" అన్నాడు ఏడుకొండలు.

ఒకటి తర్వాత ఒకటి

బావుల చెలకలో ట్రాన్స్‌ఫార్మర్‌ను మోకులు కట్టి పైకి లాగాం. మగవాళ్ళందరూ పట్టారు. నేనూ ఒక మోకు పట్టుకున్నాను. ఏడుకొండలు ఎక్కడానికి సిద్ధమై నిలబడ్డాడు. అలవాటు కొద్దీ నేను మధ్యలోకి వెళ్ళాను.

"బావగారూ, ఆపాను. ఎక్కండి" అన్నాడు మస్తాన్‌రావు, నన్ను దాటి.

"ఎక్కుతున్నా బావగారూ."

నిజమేనా అని అడగలేదు. ఎక్కేశాడు. నాకు పని లేకుండా పోయింది. పక్కకు తప్పుకున్నాను.

కనెక్షన్లు బిగించి అతను దిగాక, జనం మోటార్ల వైపు పరుగు పెట్టబోయారు. "ఆగండి" అన్నాను. "అందరి ఆటో స్టార్టర్లూ ఒక్కసారి లేస్తే ఇది కూడా ఇవాళే కాలుతుంది. అవన్నీ తీసెయ్యండి. ఒకరి తర్వాత ఒకరు చేత్తో వేసుకోవాలి."

"అట్టాగేనండీ!" అన్నారందరూ ఒక్క గొంతుతో. ఆ గొంతు వింటేనే నమ్మకం పోయింది.

"మీ మాట చాలదు."

"మరేం కావాలండీ?"

"తాకట్టు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చేలన్నీ నవ్వాయి. "పిచ్చయ్యని ఉంచుకోండి!" అని ఒకడు, "వాడికోసం ఎవడు ఆగుతాడ్రా?" అని ఇంకొకడు. పిచ్చయ్య వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గట్టు మీద, మా ముగ్గురి మధ్య కూర్చున్నాడు.

"నేనుంటానండీ. వంతుల్లో నా మోటారు అందరికంటే ఆఖర్న పెట్టండి. ఎవడన్నా తప్పితే మీరు లైను ఆపెయ్యండి. పోయేది నా చేనే."

నవ్వులు ఆగిపోయాయి. జనం ఎవరి చేలోకి వాళ్ళు నడిచి వెళ్ళారు.

మస్తాన్‌రావు స్విచ్ వేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుయ్‌మంది. దూరంగా ఒక మోటారు లేచింది. "మా చిన్నాయనది" అన్నాడు పిచ్చయ్య. కాస్త ఆగి ఇంకొకటి. కాస్త ఆగి మరొకటి. చెలక ఒక్కో మూల నుంచీ గొంతు కలుపుతోంది. ఇంతలో ఒకేసారి రెండు లేచాయి. ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది. మస్తాన్‌రావు చెయ్యి స్విచ్ మీదకు పోయింది. అంతలోనే చేలోంచి అరుపు: "ఒరేయ్, ఆపరా వెధవా! పిచ్చయ్య కూర్చునున్నాడు అక్కడ!"

ఒకటి ఆగింది. ఎవరో ఎవరినో ఇంకా తిడుతూనే ఉన్నారు. కొంతసేపటికి ఆగిన మోటారు తన వంతున మళ్ళీ లేచింది.

చివరికి అన్నీ అయ్యాయి. పిచ్చయ్యది మిగిలింది.

"వెళ్ళి వేసుకోండి" అన్నాను.

"అన్నీ నిలబడితేనే గదండీ తాకట్టు విడిపోయేది. నాది కూడా అందులోదే" అన్నాడు. లేవలేదు.

"పోనీ మీ చేలో ఎవరున్నారు?"

"మా అమ్మ." తల గోక్కున్నాడు. "ఆవిడ కరెంటు ముట్టుకోదండీ. ఇంట్లో లైటు స్విచ్చు కూడా కర్రతో వేసిద్ది."

"నేను వెళ్తా" అన్నాడు ఏడుకొండలు.

"వద్దు బావగారూ, చీకట్లో దారి తెలియదు మీకు. నేను వెళ్తా" అన్నాడు మస్తాన్‌రావు.

"వద్దండీ" అన్నాడు పిచ్చయ్య. "ఆఖరోడు చెయ్యాల్సింది బయటివాళ్ళు చేస్తే, రేపట్నుంచీ వంతు ఎవడు పాటిస్తాడు?"

వెలుగు పోయింది. చుట్టూ కాలవల్లో నీళ్ళు పారుతున్న చప్పుడు, అతని చేను వైపు మాత్రం లేదు. పిచ్చయ్య ఆ వైపే చెవి పెట్టి కూర్చున్నాడు. మస్తాన్‌రావు ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాడు. ఎవరో ముసలి గొంతు దూరంగా దేవుణ్ణో, కరెంటునో తిడుతున్నట్టనిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

అప్పుడు ఆ చీకట్లో ఒక మోటారు దగ్గింది. మళ్ళీ దగ్గింది. గొంతు సవరించుకుని, నిలబడింది.

పిచ్చయ్య లేచి నిలుచున్నాడు.

"మా అమ్మండీ" అన్నాడు.